నీలిపట్టీల తేనెటీగ

పిల్లలూ! తేనెటీగ అనగానే మీకు కొమ్మకు వేలాడే తేనెపట్టు గుర్తుకు వస్తుంది. కాని తేనెటీగలన్నీ పట్టు కట్టవు. ఒంటరిగా బతికేవి ఎన్నో ఉన్నాయి. వాటిలో నీలిపట్టీల తేనెటీగ ఒకటి. దీని పొడవు సుమారు 12 మిల్లీమీటర్లు. నల్లని పొట్టమీద లేత నీలి పట్టీలు ఉంటాయి. ఆడ ఈగ నేలలో బొరియ తొలిచి, అందులో పుప్పొడి, మకరందం చేర్చి గుడ్డు పెడుతుంది.

ఇంత చిన్న ప్రాణిని చక్కగా చూపేది మాక్రో ఫోటోగ్రఫీ. దీనికి వాడే కటకం ఈగ బొమ్మను దాని అసలు పరిమాణంలోనే కెమెరా లోపల పడేటట్లు చేస్తుంది. ఆ బొమ్మను పెద్దది చేస్తే ఒంటిమీది నూగు కూడా కనిపిస్తుంది. అయితే అంత దగ్గరగా తీసేటప్పుడు కన్ను స్పష్టంగా ఉంటే రెక్క మసకబారుతుంది. గాలికి పువ్వు ఊగినా బొమ్మ చెదిరిపోతుంది.

ఈ కష్టం తప్పించుకోవడానికి కొందరు ఈగను పట్టి ఫ్రిజ్జులో ఉంచుతారు. చలికి బిగుసుకుపోయాక పువ్వుమీద పెట్టి ఫోటో తీస్తారు. బొమ్మ అందంగానే ఉంటుంది. కాని అది అబద్ధం చెబుతుంది. కదలలేని ఈగ తన నడవడిని ఎలా చూపగలదు? ఒక్కొక్కప్పుడు దాని ప్రాణమే పోవచ్చు.

ఓపిక ఉన్నవారికి ప్రకృతే సాయపడుతుంది. సాయంకాలం కాగానే మగ ఈగలు సన్నని పుల్లను దవడలతో కరచి పట్టుకొని నిద్రపోతాయి. తెల్లవారి ఒళ్లు వెచ్చబడేదాకా అవి ఎగరవు. ఆ వేళ మెల్లగా వెళితే, వాటిని తాకకుండానే ఫోటో తీయవచ్చు.

పగలు వంగతోటలో కాచుకుంటే మరో వింత కనిపిస్తుంది. వంగపువ్వులో పుప్పొడి పసుపుపచ్చని గొట్టాలలో దాగి ఉంటుంది. వాటి కొనలకు చిన్న రంధ్రాలు మాత్రమే ఉంటాయి. ఈ ఈగ గొట్టాలను పట్టుకొని, రెక్కలు ఆడించకుండానే, ఎగరడానికి వాడే కండరాలను కంపింపజేస్తుంది. 'జుమ్' అని చప్పుడవుతుంది. పుప్పొడి జలజల రాలుతుంది. పట్టు కట్టే తేనెటీగలకు ఈ విద్య రాదు. టమాటా పువ్వుకూ ఈ ఈగ ఇదే మేలు చేస్తుంది. పువ్వుకు పుప్పొడి బాగా అందితే కాయ బాగా ఎదుగుతుంది.

పూతమీద పురుగుమందు చల్లితే పురుగులతోపాటు ఈ ఈగ కూడా చనిపోవచ్చు. దాని పని చూసిన రైతు మందు చల్లేముందు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. నిజమైన ఫోటో విలువ అదే. మీకు కెమెరా లేకపోయినా ఫరవాలేదు. ఉదయాన్నే వంగపువ్వు దగ్గర కదలకుండా కూర్చోండి. మీ కళ్లు చాలు.

ప్రశ్నలు
1. మగ ఈగలు రాత్రిపూట ఎలా నిద్రపోతాయి?
2. వంగపువ్వులోని పుప్పొడి ఎలా రాలుతుంది?
3. "అది అబద్ధం చెబుతుంది" అని రచయిత ఏ బొమ్మను గురించి అన్నాడు? ఎందుకు?