పరమాణువుల పొందు

ఉద్దేశం: వేర్వేరు మూలకాల పరమాణువులు ఎందుకు కలుస్తాయో, ఆ కలయికలో వాటి స్వభావం ఎలా మారుతుందో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ఉప్పు లేని కూర రుచించదు. ఆ ఉప్పులో ఉన్న మూలకాలు రెండు. మొదటిది సోడియం. అది కత్తితో కోయగలిగినంత మెత్తని లోహం. నీరు తగిలితే తీవ్రంగా చర్య జరుపుతుంది. అందుకే దానిని కిరోసిన్‌లో భద్రపరుస్తారు. రెండవది క్లోరిన్. అది పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగు గల విషవాయువు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద జర్మన్ సైన్యం దానిని యుద్ధంలో ప్రయోగించింది. ఒకటి నిప్పు వంటిది, మరొకటి విషం. ఆ రెండూ కలిసి నిత్యం అన్నంలో కలుపుకొనే ఉప్పుగా మారుతున్నాయి. ఇది ఎలా సాధ్యం?

పరమాణువు నడుమ ధనావేశం గల కేంద్రకం ఉంటుంది. దాని చుట్టూ రుణావేశం గల ఎలక్ట్రాన్లు కర్పరాలుగా అమరి ఉంటాయి. రసాయన చర్యలో కేంద్రకం మారదు. మార్పంతా వెలుపలి ఎలక్ట్రాన్లలోనే జరుగుతుంది. సోడియంలోని 11 ఎలక్ట్రాన్లు 2, 8, 1గా, క్లోరిన్‌లోని 17 ఎలక్ట్రాన్లు 2, 8, 7గా అమరి ఉంటాయి.

ఈ అమరికల ప్రాముఖ్యం తెలియడానికి జడవాయువులు తోడ్పడ్డాయి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడినప్పుడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో సూర్యకాంతిని పరిశీలించాడు. హీలియం ఆవిష్కరణ చరిత్ర ఆ గ్రహణంతో ముడిపడి ఉంది. 1894లో రేలీ, రామ్సే ఆర్గాన్‌ను కనుగొన్నారు. అది దేనితోనూ కలవకపోవడంతో గ్రీకు భాషలో ‘సోమరి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. నియాన్, ఆర్గాన్ల వెలుపలి కర్పరంలో 8 ఎలక్ట్రాన్లుంటాయి. ఆ అమరికే స్థిరత్వానికి మూలమని 1916లో లూయిస్, కోసెల్ వేర్వేరుగా ప్రతిపాదించారు.

సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను విడిస్తే నియాన్ అమరికను, క్లోరిన్ ఒకదానిని గ్రహిస్తే ఆర్గాన్ అమరికను పొందుతాయి. అయితే పరమాణువుకు కోరికలుండవు. నీరు పల్లమెరుగు అన్నట్లు, పదార్థం తక్కువ శక్తి గల స్థితికి చేరుతుంది. ఒక మోల్ సోడియం పరమాణువుల నుండి ఒక్కొక్క ఎలక్ట్రాన్‌ను తొలగించడానికి సుమారు 496 కిలోజౌళ్లు కావాలి. క్లోరిన్ వాటిని గ్రహించినప్పుడు వెలువడేది 349 మాత్రమే. ఇంతవరకు చూస్తే బేరం నష్టమే. లోహం నుండి సోడియం పరమాణువులను విడదీయడానికి, క్లోరిన్ అణువులను చీల్చడానికి మరికొంత శక్తి ఖర్చవుతుంది. కాని ధన, రుణ అయాన్లు పరస్పరం ఆకర్షించుకొని స్ఫటికంగా పేరుకున్నప్పుడు 787 కిలోజౌళ్లు వెలువడతాయి. స్ఫటికంలో ప్రతి సోడియం అయాను చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ప్రతి క్లోరైడ్ అయాను చుట్టూ ఆరు సోడియం అయాన్లు నిలుస్తాయి. ఖర్చులన్నీ పోగా 411 కిలోజౌళ్లు మిగులుతాయి. ఈ మిగులే సోడియం, క్లోరిన్ల కలయికకు అసలు కారణం.

అన్ని పరమాణువులూ ఇచ్చిపుచ్చుకోవు. కొన్ని ఉమ్మడిగా అనుభవిస్తాయి. నీటి అణువులో ఆక్సిజన్ రెండు హైడ్రోజన్ పరమాణువులతో ఎలక్ట్రాన్ జంటలను పంచుకుంటుంది. ఆక్సిజన్ ఆకర్షణ ఎక్కువ కనుక ఆ జంటలు దానివైపు కొంత ఒరుగుతాయి. ఇది సమయోజనీయ బంధం.

ఎనిమిది ఎలక్ట్రాన్ల నియమం శిలాశాసనం కాదు. 1962లో నీల్ బార్ట్‌లెట్ జినాన్‌తో ఒక సమ్మేళనాన్ని తయారుచేసి, జడవాయువులు ఎన్నటికీ చర్యలో పాల్గొనవన్న నమ్మకాన్ని తొలగించాడు. నియమాలు మారినా, శక్తి లెక్క మాత్రం నిలిచింది. నిప్పునూ విషాన్నీ ఉప్పుగా మార్చింది ఆ లెక్కే.

అర్థాలు
కర్పరం = కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లుండే పొర
అయాను = విద్యుదావేశం గల పరమాణువు
పల్లం = లోతట్టు ప్రదేశం

ప్రశ్నలు
1. జడవాయువుల పరిశీలన పరమాణు బంధాలను తెలుసుకోవడానికి ఎలా తోడ్పడింది?
2. ‘నీరు పల్లమెరుగు’ అనే సామెత ఈ పాఠానికి ఎలా వర్తిస్తుందో వివరించండి.