కోమల్ నదిలో ట్యూబు మీద తేలడం ఎలా?

జూన్ వచ్చిందంటే టెక్సస్‌లోని తెలుగిళ్ళలో ఒకటే ప్రశ్న: ఈ ఎండల్లో పిల్లల్ని, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని శనివారం ఎక్కడికి తీసుకెళ్ళాలి? ఆస్టిన్ నుంచి కారులో గంట దూరంలో, న్యూ బ్రాన్‌ఫెల్స్ ఊళ్ళో కోమల్ నది ఉంది. ఊటల్లో పుట్టి, సుమారు నాలుగు కిలోమీటర్లు పారి, ఊరు దాటకుండానే గ్వాడలూప్ నదిలో కలుస్తుంది. భూగర్భం నుంచి ఉబికే నీళ్ళు కాబట్టి ఏడాది పొడవునా 22 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటాయి. మొదటిసారికి ఇంతకన్నా మంచి నది నాకు తెలియదు.

ముందు రోజు రాత్రి

వీలైతే శనివారం మానేసి మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి. జూలై 4 సెలవుల్లో నీళ్ళకన్నా జనమే ఎక్కువ. ట్యూబులు అద్దెకిచ్చే దుకాణాలు ఊళ్ళో చాలా ఉన్నాయి. నీళ్ళలోంచి బయటికొచ్చిన చోటి నుంచి తిరిగి బస్సులో తీసుకొచ్చే ఏర్పాటు ఉందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి.

జీన్స్, చున్నీ, నూలు చీర వద్దు. తడిస్తే బరువెక్కుతాయి, రాళ్ళకూ కొమ్మలకూ చిక్కుకుంటాయి. పొడుగు చేతుల ఈత చొక్కా అయితే ఎండ నుంచీ కాపాడుతుంది. హవాయి చెప్పులు మొదటి మలుపులోనే కొట్టుకుపోతాయి. మడమ వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. గొలుసులు, ఉంగరాలు ఇంట్లోనే పెట్టండి. చల్లటి నీళ్ళలో వేళ్ళు సన్నబడి ఉంగరం తెలియకుండా జారిపోతుంది.

తిండికి మాత్రం మనవాళ్ళకు ఇబ్బంది లేదు. వాడి పారేసే డబ్బాలు, సీసాలు ఈ నదిలో నిషేధం, గాజు అసలే వద్దు. కాబట్టి గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పులిహోర, స్టీలు సీసాలో మజ్జిగ హాయిగా వెళ్తాయి. బీరు సంగతి మీ ఇష్టం, కానీ పిల్లల్ని చూసుకునే మనిషి తాగకూడదు.

లైఫ్ జాకెట్

ఈత రాకపోయినా వెళ్ళొచ్చు, జాకెట్ ఒంటి మీద ఉంటేనే. సైజు వయసును బట్టి కాదు, బరువును బట్టి చూడాలి. బకిల్స్ అన్నీ పెట్టాక వెనక నుంచి రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే అది పెద్దది; పట్టీలు బిగించండి, లేదా మార్చండి. చిన్న పిల్లలకు కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా ఉండాలి. గాలి ఊదే చేతి పట్టీలను నమ్మకండి.

నీళ్ళలో

మోకాలి లోతులో నిలబడి, ట్యూబును వెనక పెట్టుకుని, కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలండి. అడుగున వల ఉన్న ట్యూబు అడగండి, మొదటిసారి వాళ్ళకు అదే నయం. నీళ్ళ లోతు తగ్గి రాళ్ళు కనిపించగానే నడుం పైకెత్తాలి, లేకపోతే ఆ రాళ్ళ దెబ్బ వారం దాకా గుర్తుంటుంది. దిశ మార్చాలంటే వెళ్ళాల్సిన వైపుకు వీపు పెట్టి, రెండు చేతులతో నీళ్ళను వెనక నుంచి ముందుకు నెట్టండి.

దారిలో ప్రిన్స్ సోల్మ్స్ పార్కు దగ్గర ఆనకట్ట పక్కన ట్యూబు చ్యూట్ ఉంది. నీళ్ళు ఒక్క ఊపున కిందికి జార్చేస్తాయి. పిల్లలకు ఇదే పండగ. అక్కడికి వచ్చేలోపే ట్యూబులకు కట్టిన తాళ్ళు విప్పేయండి, ఒక్కొక్కరుగా దిగండి. భయపడేవాళ్ళు ముందే ఒడ్డెక్కి నడిచి దాటొచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు.

ట్యూబు తిరగబడితే? వెంటనే నిలబడాలనిపిస్తుంది. నిలబడొద్దు. ఉరవడిలో కాలు రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంటే వెనక నుంచి తోసే నీళ్ళు మనిషిని బోర్లా పడేస్తాయి. మోకాలి లోతులో కూడా ఇలా ప్రాణాలు పోతాయి. వెల్లకిలా తేలుతూ, పాదాలు ముందుకు, వేళ్ళు నీళ్ళ పైకి కనిపించేలా పెట్టి, నీళ్ళు నెమ్మదించిన చోట ఒడ్డుకు చేరండి. వంగిన చెట్ల కొమ్మల వైపు మాత్రం పోవద్దు: నీళ్ళు వాటిలోంచి పోతాయి, మనం ఆగిపోతాం.

బయటికొచ్చే మెట్లు ఎక్కడున్నాయో ట్యూబు ఎక్కే ముందే అడిగి తెలుసుకుని, అవి రాకముందే ఆ ఒడ్డుకు జరగండి.

తర్వాతి మెట్టు

ఇది నచ్చితే తర్వాత కయాక్. తెడ్డును చేతులతో కాక నడుం తిప్పి వేస్తే భుజాలు నొప్పెట్టవు. కయాక్‌లో 13 ఏళ్ళ లోపు పిల్లలకు జాకెట్ టెక్సస్‌లో చట్టప్రకారం తప్పనిసరి. గ్వాడలూప్‌కు వెళ్ళాలనుకుంటే ఆ రోజు ప్రవాహం ఎంతో చూడండి. అక్కడివాళ్ళు సీఎఫ్‌ఎస్ అనేది మన పేపర్లలో శ్రీశైలానికి రాసే క్యూసెక్కే. కాన్యన్ డ్యాం దిగువన ఎంత వదిలారన్నదాన్ని బట్టి నది రోజుకో తీరుగా ఉంటుంది. ఇదే నది ఎగువన, కెర్ కౌంటీలో, 2025 జూలై 4 తెల్లవారుజామున వచ్చిన వరద వందమందికి పైగా ప్రాణాలు తీసింది. ఫోనులో వరద హెచ్చరిక మోగితే, కట్టిన అద్దె పోయినా సరే, ఆ రోజుకు ప్రయాణం మానేయండి.