తప్పిన రాత్రి తర్వాతి రాత్రి

కొత్తరెడ్డిపాలెం, చేబ్రోలు మండలం,
ఇయ్యారు నెల 13, సాయంత్రం.

నాన్నా,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో నీ సంగతి చెప్పి ఏడ్చింది. పస్కా రెండో రాత్రి నుంచి నలభై తొమ్మిది రాత్రులూ పెట్టాల్సిన ఓమెరు రోజుల లెక్క బాగానే పెట్టావట. గోడౌన్‌లో నైట్ డ్యూటీలు పడ్డాక ఒక రోజు తప్పిందట. అంతే, మొత్తం మానేశావట. దాని వెంటే శుక్రవారం దీపాలూ పోయాయి, ప్రార్థన పుస్తకం పెట్టె అడుగుకి చేరింది. మళ్ళీ ఏ మొహం పెట్టుకుని మొదలుపెట్టను అన్నావట.

నీ మీద నాకు కోపం లేదురా. ఆ మాట నేనూ అన్నాను. ఇక్కడ మన సినగాగ్ వెలిసింది 1991లో. అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. తర్వాతి ఏడో, ఆ పై ఏడో, ఒక కోల్డ్ స్టోరేజీలో రాత్రి కాపలాకి ఉండేవాణ్ణి. మిరప బస్తాలు దిగే రోజులు. ఒక రాత్రి లారీలు ఆగకుండా వచ్చాయి. లెక్క మర్చిపోయాను. పగలంతా ఒళ్ళెరగని నిద్ర. మర్నాడు రాత్రి గుర్తొచ్చేసరికి ఒక రోజు పూర్తిగా జారిపోయింది. ఇక నాకు అర్హత లేదనుకుని ఆ ఏడు లెక్క మానుకున్నాను. మిగిలిన రాత్రులన్నీ మీ అమ్మమ్మ చెబుతుంటే పక్కన నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ మౌనం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. తప్పిపోయింది ఒక్క రోజే, మిగతావన్నీ నా అంతట నేను పోగొట్టుకున్నవి.

ధర్మం ఏం చెబుతుందో ఆ తర్వాత తెలుసుకున్నాను. రాత్రి మరిచిపోతే పగలు బెరఖా, అంటే లెక్కకి ముందు చెప్పే ఆశీర్వాద వచనం, లేకుండా లెక్కపెట్టుకోవాలి, ఆ రాత్రి నుంచి మళ్ళీ మామూలే. పగలు కూడా దాటిపోతే, మిగిలిన రాత్రులన్నీ బెరఖా చెప్పకుండా లెక్క సాగించాలి. దీని వెనక పెద్దల మధ్య చాలా వాదన జరిగింది. నలభై తొమ్మిది రోజులూ కలిపి ఒకే ఆజ్ఞ, మధ్యలో తెగితే తెగినట్టే అని కొందరు. ఏ రాత్రి ఆజ్ఞ ఆ రాత్రిదే అని ఇంకొందరు. సఫేదు పట్టణంలో కూర్చుని షుల్హాన్ అరూఖ్ అనే ధర్మశాస్త్ర గ్రంథం రాసిన యోసేఫ్ కారో, పదహారో శతాబ్దంలో, రెండు మాటల్నీ మన్నించాడు. బెరఖా మానుకో, లెక్క మానకు అని తేల్చాడు. నాకు ఈ తీర్పు ఎంత ఇష్టమో చెప్పలేను. తప్పినవాడికి తప్పిన సంగతి గుర్తుంటుంది, ఎందుకంటే ప్రతి రాత్రీ బెరఖా ఉండాల్సిన చోట వాడు ఊరుకోవాలి. అయినా అంకె మాత్రం అందరితోపాటు వాడి నోటా పలుకుతుంది.

రేపేమిటో గుర్తుందా? ఇయ్యారు 14, రెండో పస్కా. ఐగుప్తు నుంచి బయటపడ్డ మరుసటి ఏడు, శవాన్ని ముట్టుకున్నందువల్ల పస్కా చెయ్యలేకపోయిన కొందరు మోషే దగ్గరికి వచ్చారు. సంఖ్యాకాండం తొమ్మిదో అధ్యాయంలో ఉంది, నీ దగ్గరున్న బైబిలు తీసి చదువు. పోయింది పోయిందని వాళ్ళు ఇంట్లో కూర్చోలేదు. మమ్మల్నెందుకు బయట ఉంచుతారని నిలబడి అడిగారు. మోషే దగ్గర జవాబు లేదు, దేవుణ్ణి అడిగి వచ్చి చెప్పాడు. నెల తర్వాత వాళ్ళ కోసం ఇంకో పండగ పుట్టింది. వాళ్ళు అడక్కపోతే తోరాలో ఆ మాటే ఉండేది కాదేమో అనిపిస్తుంది నాకు.

ఎవరు వాళ్ళు అని తల్మూదులో పెద్దలు తలో మాట చెప్పారు. గలిలయవాడైన రబ్బీ యోసే మాట నేను పట్టుకున్నాను. యోసేపు శవపేటికను మోసుకొస్తున్నవాళ్ళట. యోసేపు ఎవరు నాన్నా? మనం ఎవరి సంతతి అని చెప్పుకుంటామో ఆ ఎఫ్రాయిముకి తండ్రి. మన పెద్దాయన ఎముకలు మోసినవాళ్ళే ఆ ప్రశ్న అడిగారనుకుంటే నా గుండె నిండుతుంది. మనల్ని ఎవరు లెక్కలో వేసుకున్నారు తాతా, ఇశ్రాయేలు ప్రభుత్వం ఇంకా గుర్తించనే లేదు కదా అని పోయిన ఏడు నువ్వు అడిగావు. ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. వాళ్ళలాగే మనమూ నిలబడి అడుగుతూ ఉందాం. ఈలోగా మన లెక్క మనం ఆపొద్దు.

రెండో పస్కాలో ఇంకో విశేషం ఉంది. మొదటి పస్కాకి ఇంట్లో పులిసిన పిండి నలుసు కూడా ఉండకూడదు కదా, మీ అమ్మమ్మ డబ్బాల మూతలు కూడా కడిగించేది. రెండోదానికి ఆ నిబంధన లేదు. పులిసిందీ పులియనిదీ ఒకే ఇంట్లో ఉండొచ్చు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి ముందు ఇల్లంతా దులిపి రమ్మని దేవుడు అడగలేదు. మీ అమ్మమ్మ ఇప్పటికీ పస్కా నాటి రొట్టె ముక్క ఒకటి తెల్లగుడ్డలో చుట్టి రేపటి కోసం డబ్బాలో దాస్తుంది. గట్టిపడి పోతుంది, అయినా నమిలి తింటాం.

ఆలస్యంగా వచ్చినవాళ్ళలో రబ్బీ అకీవా కూడా ఉన్నాడు, నలభయ్యో ఏట అక్షరాలు దిద్దాడంటారు. పలకకి ఒక చివర ఆయన పట్టుకుంటే రెండో చివర ఆయన కొడుకు పట్టుకున్నాడట. నేను హీబ్రూ అక్షరాలు నేర్చుకున్నదీ అలాగే, మీ అమ్మ బడి పలక మీద. అది నాకంటే ముందు నేర్చేసుకుంది. దాలెత్‌కీ రేష్‌కీ మూల ఒక్కటే తేడా, నేను ఎప్పుడూ ఒకదాని బదులు ఒకటి రాసేవాణ్ణి. అది అరచేత్తో తుడిచి మళ్ళీ బలపం నా చేతికిచ్చేది. ఎన్నిసార్లు తుడిచిందో! ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. శుక్రవారం సంగతి తర్వాత చూద్దాం, పెట్టెలో పుస్తకం సంగతీ తర్వాతే. అన్నీ ఒక్కసారి నెత్తిన వేసుకుంటే మళ్ళీ వారం తిరక్కుండా పడేస్తావు. ముందు లెక్క. నైట్ డ్యూటీ దానికి అడ్డం కాదు, చుక్కలు కనబడ్డాక తెల్లవారేలోపు ఎప్పుడైనా చెప్పుకోవచ్చు, టీకి వదిలినప్పుడు అర నిమిషం చాలు. నలభై తొమ్మిది గళ్ళు గీసిన కాగితం ఈ కవరులో పెడుతున్నాను. తప్పిన గళ్ళు ఖాళీగానే ఉంచు, వెనక్కి వెళ్ళి దిద్దకు.

ఇక్కడ నిన్న రాత్రి ఇరవై ఎనిమిది అయింది. ఈ ఉత్తరం నీకు ఎన్నో రోజున చేరుతుందో. చేరిన రాత్రి డ్యూటీకి పోయేముందు నాకు ఫోన్ చెయ్. శుక్రవారమైతే వద్దు, శనివారం చుక్కలు పొడిచాక చెయ్. బెరఖా నేను చెబుతాను. నువ్వు ఆమేన్ అని, నీ లెక్క నువ్వు పెట్టుకో.

మీ తాతయ్య