ఎత్తు ఒక్కటే చాలదు: చిన్న ప్రైవేటు రాకెట్ కక్ష్యకు చేరేదెలా?

2022 నవంబరు 18 ఉదయం 11.30 గంటలకు శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్ నింగికెగిరింది. దీన్ని రూపొందించింది హైదరాబాదుకు చెందిన స్కైరూట్ ఏరోస్పేస్. ఇస్రోలో పనిచేసిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో ఈ సంస్థను స్థాపించారు. మన దేశంలో ఒక ప్రైవేటు సంస్థ తయారుచేసిన రాకెట్ అంతరిక్ష కేంద్రం నుంచి ఎగరడం అదే మొదటిసారి. సుమారు ఆరు మీటర్ల పొడవు, 545 కిలోల బరువున్న ఆ రాకెట్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరి, తర్వాత బంగాళాఖాతంలో పడిపోయింది.

ఇది వైఫల్యం కాదు. విక్రమ్-ఎస్ ఉపకక్ష్య రాకెట్. పైకి వెళ్లి తిరిగి కిందపడేలాగే దాన్ని రూపొందించారు. మరి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలపాలంటే ఇంకేం కావాలి?

వేగమే అసలు పరీక్ష

ఎత్తు నుంచి వదిలిన రాయి మొదటి సెకనులో దాదాపు 5 మీటర్లు కిందికి పడుతుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, దాని ఉపరితలం ప్రతి 8 కిలోమీటర్లకు దాదాపు 5 మీటర్లు కిందికి వంగుతుంది. అంటే గాలి అడ్డులేని చోట ఒక వస్తువు సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా దూసుకుపోతే, అది ఎంత పడుతుందో నేల కూడా అంతే కిందికి జారుతుంది. వస్తువు పడుతూనే ఉంటుంది కానీ నేలను తాకదు. కక్ష్య అంటే ఇదే. 500 కిలోమీటర్ల ఎత్తులో ఇందుకు సెకనుకు 7.6 కిలోమీటర్ల వేగం కావాలి.

విక్రమ్-ఎస్ గరిష్ఠ వేగం ధ్వని వేగానికి సుమారు అయిదు రెట్లు, అంటే సెకనుకు దాదాపు 1.5 కిలోమీటర్లు. కక్ష్య వేగం దానికి మరో అయిదు రెట్లు. గతిశక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, ప్రతి కిలో బరువుకూ ఇవ్వాల్సిన శక్తి ఇరవై అయిదు రెట్లవుతుంది.

ఒక్క శాతం తగ్గినా...

ఈ లెక్కలో సర్దుబాటుకు చోటు లేదు. 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీ మొదటి ప్రయోగంలో, రెండో దశ విడిపోయేటప్పుడు పుట్టిన ప్రకంపనల వల్ల త్వరణాన్ని కొలిచే సెన్సార్లు చెడిపోయాయని కంప్యూటరు పొరబడింది. ఫలితంగా చివర్లో వేగం సుమారు ఒక శాతం తగ్గింది. 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు, ఒకవైపు 76 కిలోమీటర్ల దాకా దిగివచ్చే కక్ష్య దక్కింది. అంత తక్కువ ఎత్తులో గాలి ఉపగ్రహాన్ని నిలవనివ్వదు. దేశంలోని 75 పాఠశాలల బాలికలు పాలుపంచుకున్న ఆజాదీశాట్ కూడా అలా పోయింది. లోపం సరిదిద్దాక, 2023 ఫిబ్రవరి 10న రెండో ప్రయోగం విజయవంతమైంది.

దశలు ఎందుకు?

గురుత్వాకర్షణ, గాలి నిరోధం తినేసే భాగాన్ని కలుపుకుంటే, రాకెట్ మొత్తం సెకనుకు 9 కిలోమీటర్లకు పైగా వేగాన్ని సమకూర్చుకోవాలి. ఘన ఇంధనంతో ఒకే దశలో ఇది సాధించాలంటే, బయలుదేరే బరువులో దాదాపు 96 శాతం ఇంధనమే ఉండాలి. మిగిలిన నాలుగు శాతంలోనే మోటారు గొట్టం, నాజిల్, కంప్యూటర్లు, ఉపగ్రహం అన్నీ ఇమడాలి. అది సాధ్యం కాదు. అందుకే ఖాళీ అయిన దశను మధ్యలోనే వదిలేస్తారు.

స్కైరూట్ కక్ష్య రాకెట్ విక్రమ్-1 రూపకల్పనలో ఈ లెక్కే కనిపిస్తుంది. దీనిలో మూడు ఘన ఇంధన దశలున్నాయి. వాటి మోటార్లకు అబ్దుల్ కలాం పేరు పెట్టారు. బరువు తగ్గించడానికి ఉక్కుకు బదులు కార్బన్ ఫైబర్ వాడారు. అయితే ఘన ఇంధనాన్ని ఒకసారి అంటిస్తే మధ్యలో ఆపి మళ్లీ వెలిగించలేం. అందువల్ల చివరి సర్దుబాటు కోసం సి.వి. రామన్ పేరుతో ద్రవ ఇంధన ఇంజన్లు పైన అమర్చారు.

దశలు విడిపోవడం కూడా సున్నితమైన ఘట్టమే. అమెరికా సంస్థ స్పేస్‌ఎక్స్ తయారుచేసిన ఫాల్కన్-1 మూడో ప్రయోగంలో, ఇంజన్ ఆగాక మిగిలిన కొద్దిపాటి నెట్టుడుతో కింది దశ వెళ్లి పై దశను ఢీకొంది. ఇంజన్ ఆపడానికీ దశ విడిపోవడానికీ మధ్య వ్యవధి పెంచారు. 2008 సెప్టెంబరు 28న, నాలుగో ప్రయత్నంలో అది కక్ష్య చేరింది.

పెద్ద రాకెట్ ఉండగా ఇదెందుకు?

పీఎస్ఎల్‌వీ 2017లో ఒకేసారి 104 ఉపగ్రహాలను మోసుకెళ్లింది. కానీ అది ఆర్టీసీ బస్సు లాంటిది. ఛార్జీ తక్కువే, కానీ బస్సు వెళ్లే దారిలోనే, వెళ్లే వేళకే ప్రయాణించాలి. చిన్న రాకెట్ ఆటో లాంటిది. కిలోకు ఖర్చు ఎక్కువైనా, కావాల్సిన కక్ష్యలో, కావాల్సిన సమయానికి దింపుతుంది.

ఆ ప్రయోజనం దక్కాలంటే ప్రయోగ స్థలమూ అనుకూలించాలి. శ్రీహరికోట నుంచి ధ్రువ కక్ష్యకు వెళ్లే రాకెట్ శ్రీలంక మీదుగా పోకుండా దారి మళ్లాలి. పెద్ద రాకెట్ ఆ అదనపు ఇంధనాన్ని భరించగలదు కానీ, చిన్న రాకెట్‌కు మోయగల బరువు బాగా తగ్గిపోతుంది. అందుకే తమిళనాడులోని కులశేఖరపట్నంలో నేరుగా దక్షిణానికి ప్రయోగించే కొత్త కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది.

చిన్న రాకెట్‌కు భౌతికశాస్త్రం ఏ రాయితీ ఇవ్వదు. పెద్ద రాకెట్‌కు ఎంత వేగం కావాలో దానికీ అంతే కావాలి. తప్పుకు మిగిలే చోటు మాత్రం ఇంకా తక్కువ.