అర్జునము - నల్లమద్ది - అసనము : ఒక లక్షణవిచారము

అమరకోశమున వనౌషధివర్గమునందు అర్జునవృక్షమునకు నదీసర్జము, వీరతరువు, ఇంద్రద్రువు, కకుభము అను పర్యాయములు చెప్పబడినవి. దీనికి పాఠశాలలలో పరంపరగా చెప్పు తెలుగర్థము 'మద్దిచెట్టు'. ఈ వ్యాసకర్తయు బాల్యమున అట్లే వల్లించి, పిదప చిరకాలము అట్లే బోధించెను. ఒకపరి మన్ననూరు చేరువ అడవిలో మద్దిచెట్టును చూపుమని ఒక చెంచు వృద్ధుని అడుగగా, "ఏ మద్ది? తెల్లమద్దా, నల్లమద్దా?" అని ఆతడు ఎదురు ప్రశ్నించెను. నేను నిరుత్తరుడనైతిని. గృహమునకు వచ్చి విమర్శింపగా, ఆ ప్రశ్నకు ఉత్తరము కోశమునందే కలదనియు, లోపము అర్థము చెప్పిన నాయందే కలదనియు తేలినది. ఆ విమర్శ ఫలితమును విద్వాంసుల పరిశీలనకు ఇందు నివేదించుచున్నాను.

మన్ననూరు గల అమరాబాదు పీఠభూమి నల్లమలలో ఒక భాగము. పూర్వము మహబూబునగరము జిల్లాలోనిదై, 2016 అక్టోబరు నుండి నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. దానికి ఈశాన్యమున నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతము కలదు. డిండి నది ఈ రెండు సీమలను తాకుచు పోయి కృష్ణలో కలియును. ఇచటి పొడినేల గుట్టవాలులందు టేకు, చిరుమాను వృక్షములతో కూడి నల్లమద్ది పెరుగును. వాగుల యొడ్డులందు, తేమ నిలుచు నేలలందు తెల్లమద్ది కానవచ్చును. దీనినే ఏరుమద్ది యనియు అందురు. ఆధునిక వృక్షశాస్త్రమున తెల్లమద్ది 'టెర్మినాలియా అర్జున'. నల్లమద్ది 'టెర్మినాలియా టొమెంటోసా', నేటి వ్యవహారమున 'టెర్మినాలియా ఎలిప్టికా'. సామర్లకోటలో వృక్షపరిశోధన చేసిన విలియం రాక్స్‌బరో ఈ రెండింటిని ఐదు రెక్కల ఫలము గలవి యను అర్థమున 'పెంటాప్టెరా' అను ప్రజాతిలో చేర్చెను. 1834లో వైట్, ఆర్నట్ అను వారు వీనిని కరక, తాండ్రలు గల టెర్మినాలియా ప్రజాతికి మార్చిరి. కావున ఇవి ఏకకుటుంబమువే కాక ఏకప్రజాతివి. భేదము సూక్ష్మము.

ఇట్టి సన్నిహితజాతులను వేరుపరచుటకు మన శాస్త్రములయందు సాధనము కలదు. లక్షణమనగా అసాధారణధర్మము. అది అతివ్యాప్తి, అవ్యాప్తి, అసంభవము అను మూడు దోషములు లేనిదై యుండవలెను. తర్కసంగ్రహము చదివిన ప్రతి విద్యార్థికిని ఇది తెలియును. గోవు లక్షణమును పరీక్షించిన ఈ పద్ధతినే మద్దియందును ప్రయోగింతము.

'తెల్లని బెరడు గలది అర్జునము' అందుమా? తెల్లమద్ది బెరడు నున్నగా, పాలిపోయిన బూడిదవన్నెతో ఉండి, పలుచని పెద్ద పెచ్చులుగా రాలును. కాని ధవవృక్షమగు చిరుమాను బెరడును నున్నగా తెల్లనై యుండుట చేత అతివ్యాప్తి. పైగా 2017లో వృక్షశాస్త్రజ్ఞులు చిరుమానును సైతము టెర్మినాలియా ప్రజాతిలోనికే చేర్చిరి. అయినను దాని ఫలములు మిక్కిలి చిన్నవై, గుండ్రని గుత్తులుగా కూడియుండును గనుక ఫలము చూచినవానికి సందేహము కలుగదు.

'ఏటియొడ్డున పెరుగునది అర్జునము' అందుమా? నేరేడు, కానుగలును ఏటియొడ్డున పెరుగును గనుక అతివ్యాప్తి. బాటల కిరుప్రక్కల నాటబడిన తెల్లమద్దులయందు అవ్యాప్తి. 'ఆకున నూగు గలది నల్లమద్ది' అనినచో, లేతాకులందు నూగు స్పష్టముగా నున్నను, ముదిరినపుడు చాలవరకు రాలిపోవుటచే అవ్యాప్తి. 'ఐదు రెక్కల ఫలము గలది అర్జునము' అనినచో నల్లమద్దియందు అతివ్యాప్తి.

మరి నిర్దుష్టలక్షణమేది? ఫలపు రెక్కలపై గల ఈనెల గమనము. తెల్లమద్ది ఫలపు రెక్కలు ఇరుకైనవి, గట్టివి. వానిపై ఈనెలు పైకి వంగి సాగును. నల్లమద్ది ఫలపు రెక్కలు వెడల్పైనవి. వానిపై ఈనెలు అడ్డముగా, తిన్నగా అంచు వరకు పోవును. ఫలము లభింపని కాలమున బెరడును, ఆకును కలిపి చూడవలెను. నల్లమద్ది బెరడు నల్లనై, నిలువుగను అడ్డముగను లోతుగా పగిలి, మొసలి వీపును తలపించును. దాని ఆకు అడుగున నడియీనెపై, మొదటికి చేరువగా గ్రంథులు కానవచ్చును. తెల్లమద్దియందు గ్రంథులు ఆకు తొడిమ చివర, పత్రము మొదలగు చోట ఉండును.

ఇప్పుడు కోశమును మరల చూతము. అమరసింహుడే ధీవర్గమున అర్జునశబ్దమును శ్వేతవాచకములలో పఠించెను. నదీసర్జపదము ఆవాసమును తెలుపుచున్నది. వర్ణము, ఆవాసము - ఈ రెండును కలిసినపుడు నల్లని బెరడుతో పొడిగుట్టపై నిలుచు చెట్టు తొలగిపోవును. 'తెల్లమద్ది' అర్జునపదమునకును, 'ఏరుమద్ది' నదీసర్జపదమునకును అచ్చమైన తెలుగులు. కావున ప్రజావ్యవహారము కోశముతో సంవదించుచునే యున్నది. మధ్యనున్న పండితుడు విశేషణమును విడిచి 'మద్ది' యని సంక్షేపించుటచేతనే జాతిభేదము లోపించినది.

అసనపదమున వేరొక చిక్కు కలదు. అమరుడు అసనమును పీతసాలకమునకు పర్యాయముగా చెప్పెను. ఇది మన వేగిస. దీని పువ్వులు పసుపువన్నెవి. కాండమునకు గాటు పెట్టిన ఎఱ్ఱని జిగురు స్రవించును. చేవను నానబెట్టిన నీరు రంగు మారును. భారతీయ ఆయుర్వేద ఔషధకోశమును అసనమనగా వేగిసచేవనే గ్రహించినది. అయితే హిందీ, వంగభాషలలో 'ఆసన్' అను పేరు నల్లమద్దికి చెల్లుచున్నది. హిందీ గ్రంథము నుండి తెనిగించువాడు ఏమరినచో వేగిస స్థానమున నల్లమద్ది వచ్చి కూర్చుండును. వేగిస చిక్కుడుకుటుంబమునకు చెందిన వృక్షము. మద్దులతో దానికి బంధుత్వమే లేదు.

కోశము కావ్యార్థబోధకే గదా, వృక్షనిర్ణయము వైద్యులకు, అటవీశాస్త్రజ్ఞులకు విడువదగినదే యని పూర్వపక్షము. అది సరికాదు. అర్జునపు బెరడు హృద్రోగములందు, వేగిసచేవ ప్రమేహమునందు నేటికిని వాడబడుచున్నవి. అర్జునత్వక్కున ఇతర మద్దుల బెరడు కలియుట ఓషధిశాస్త్రజ్ఞులు గుర్తించిన దోషము. నిఘంటువున ఒక విశేషణము జారినచో అది రోగి పాత్ర వరకు పోవును. కావ్యార్థమునకును ఇది అవసరమే. శ్రీకృష్ణుడు కూల్చిన యమళార్జునములు యమునాతీరమువి. నల్లమద్దిని తలచి చదువువానికి ఆ తీరము కనబడదు.

అడవివారి జ్ఞానము ప్రమాణమా యని శంకింపనక్కరలేదు. నల్లమద్ది తన కాండమున నీరు దాచుకొనునని కొండరెడ్లు ఎరుగుదురు. వారు తెలిపిన మేరకు 2024 మార్చిలో పాపికొండల జాతీయవనమున అటవీ అధికారులు ఒక చెట్టుకు గాటు పెట్టగా నీరు వెలువడినది. ప్రత్యక్షము ఆప్తవాక్యమును బలపరచినది.

కావున అధ్యాపకులకు నా విన్నపము. 'అర్జునః - తెల్లమద్ది, ఏరుమద్ది', 'అసనః - వేగిస' అని విశేషణసహితముగా అర్థము చెప్పుదురు గాక. వనౌషధివర్గము పాఠమునకు వచ్చిన దినమున రెండు మద్దుల ఫలములను తెచ్చి విద్యార్థుల అరచేతులందుంచి, ఈనెల గమనమును వారిచేతనే చెప్పింతురు గాక. నన్ను నిరుత్తరుని చేసిన ఆ ప్రశ్నకు వారైనను ఉత్తరము చెప్పగలుగుదురు. ఇత్యలమ్.