ప్యాకెట్ ఆగిన చోటు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

ఫోన్ ఇంటి వైఫైలో ఉన్నంతసేపూ చక్కగా పలికిన సర్వర్, గడప దాటి మొబైల్ డేటాకు మారగానే మూగబోవడం ఇంట్లో సర్వర్ నడిపే పనికి పూనుకున్న ప్రతివారికీ ఎదురయ్యే చిక్కే గనుక, చిరంజీవి దాన్ని తన చేతగానితనంగా భావించనక్కరలేదు. అయితే ఆ చిక్కు విప్పే తొందరలో రౌటర్‌లో నాలుగు సెట్టింగులు, సర్వర్‌లో నాలుగు సెట్టింగులు ఒకేసారి మార్చడం మాత్రం కూడదు. అలా చేస్తే చివరికి పని జరిగినా ఏ మార్పు వల్ల జరిగిందో తెలియదు, తెరిచి మరిచిపోయిన తలుపులు తెరిచే ఉండిపోతాయి. బయటి నుంచి బయలుదేరిన ప్యాకెట్, అనగా నెట్‌వర్క్‌లో ప్రయాణించే సమాచారపు చిన్న మూట, ఏ మజిలీలో ఆగిపోయిందన్నది ఒక్కటే ఇక్కడ తేల్చవలసిన ప్రశ్న.

అన్నిటికంటే ముందు చూడవలసినది ఇంటికి అసలు బయటి చిరునామా ఉందా అన్నది. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ అని కనిపించే అంకెలనూ, ఐపీ చిరునామా చూపించే ఏదైనా వెబ్‌సైటు చెప్పే అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ వేరై, రౌటర్‌లోనిది 100.64 మొదలు 100.127 వరకు ఉన్న వరుసలోనిదైతే, ఆ కనెక్షన్ సీజీనాట్ వెనుక, అంటే ఒకే బయటి చిరునామాను సర్వీసు సంస్థ అనేక ఇళ్ళకు పంచే ఏర్పాటు వెనుక ఉన్నట్టే. ఐపీ నాలుగో వెర్షన్‌లో ఉన్నవి మొత్తం సుమారు 429 కోట్ల చిరునామాలే. 2011 ఫిబ్రవరిలో వాటి కేంద్ర నిల్వ ఖాళీ కావడంతో ఈ పంపకం పెరిగింది, 2012లో పైన చెప్పిన వరుసను ఇందుకోసమే కేటాయించారు. ఈ స్థితిలో ప్యాకెట్ సర్వీసు సంస్థ యంత్రం దగ్గరే ఆగిపోతుంది గనుక, ఇంటి రౌటర్‌తో ఎన్ని రాత్రులు కుస్తీ పట్టినా ఫలితముండదు; స్టాటిక్ ఐపీ కొనుక్కోవడమో, ఐపీ ఆరో వెర్షన్ వాడుకోవడమో, వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ సొరంగాన్ని బయట అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్ మీదుగా నడపడమో చేయాలి. వాన్ ఐపీ 192.168తో మొదలైతే, ఫైబర్ పెట్టె కూడా రౌటర్‌లాగే పనిచేస్తుండవచ్చు. దాని రౌటర్ పనిని ఆపే బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించుకుంటే సరిపోతుంది.

రెండు చోట్లా అంకెలు ఒకటే అయి, చిరునామా నిజమైనదేనని తేలాక పోర్ట్ ఫార్వర్డింగ్ సంగతి చూడాలి. పోర్ట్ అంటే ఒకే యంత్రంలోని వేర్వేరు సేవలకు ఇచ్చిన తలుపు సంఖ్య. ఫలానా తలుపు తట్టినవారిని ఇంట్లోని ఫలానా యంత్రానికి పంపమని రౌటర్‌కు చెప్పి ఉంచడమే ఫార్వర్డింగ్. కరెంటు పోయి వచ్చాక సర్వర్‌కు లోపలి చిరునామా మారిపోవచ్చు, రౌటర్ మాత్రం పాత చిరునామాకే పంపుతూ ఉంటుంది. డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌తో ఆ చిరునామాను స్థిరపరిస్తే ఈ బెడద ఉండదు. ఇంటి వైఫై మీద ఉండి బయటి చిరునామాను పరీక్షించడం కూడా తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే లోపలి నుంచి వెళ్ళి మళ్ళీ లోపలికే తిరగవలసిన ప్యాకెట్‌ను కొన్ని రౌటర్లు వెనక్కి మళ్ళించవు. పరీక్ష ఎప్పుడూ వైఫై ఆపేసిన ఫోన్‌తోనే జరగాలి.

ప్యాకెట్ సర్వర్ దాకా వచ్చిందో లేదో చెప్పే నమ్మదగిన సాక్షి టీసీపీడంప్, అంటే యంత్రపు నెట్‌వర్క్ ద్వారం దగ్గర వచ్చిపోయే ప్యాకెట్లను వరుసగా రాసి చూపే పరికరం. సర్వర్‌లో దాన్ని ఆ ఒక్క పోర్ట్ మీద నడుపుతూ ఫోన్‌తో తలుపు తట్టినప్పుడు ఒక్క వరుసా రాకపోతే, లోపం ఇంకా రౌటర్‌లోనో దానికి అవతలో ఉంది. చదరపు బ్రాకెట్లలో ఎస్ అనే అక్షరమున్న వరుస ఒకటి వచ్చి, సుమారు ఒక సెకను తర్వాత మళ్ళీ, రెండు సెకన్ల తర్వాత మళ్ళీ, నాలుగు సెకన్ల తర్వాత మళ్ళీ అదే వస్తూ, సర్వర్ వైపు నుంచి ఒక్క జవాబూ కనిపించకపోతే, అతిథి గుమ్మం దాకా వచ్చి పిలుస్తున్నాడు, సర్వర్‌లోని కావలి అయిన ఫైర్‌వాల్ ఆ పిలుపును లోపలికి పోనివ్వడం లేదనుకోవచ్చు. టీసీపీడంప్ ఫైర్‌వాల్ కంటే ముందు నిలబడి చూస్తుంది గనుకనే ఈ తేడా దొరుకుతుంది. ఆర్ అక్షరమున్న జవాబు వెంటనే వెళ్ళిపోతుంటే, ఆ తలుపు వెనుక వినే ప్రోగ్రామే లేదని, లేదా అది 127.0.0.1 మీద, అనగా తన యంత్రంలోని మాటలను మాత్రమే, వింటోందని అనుకోవచ్చు. సర్వర్‌లో వీపీఎన్ నడుస్తుంటే జవాబు, పిలుపు వచ్చిన దారిన కాక ఆ సొరంగంలోంచి పోయి దారి తప్పడమూ ఉంది; పట్టుకోవడానికి కష్టమైన లోపం ఇదే.

విసుగెత్తి డీఎంజెడ్ సెట్టింగు పెట్టడం, అంటే మరో యంత్రానికి ప్రత్యేకంగా పంపని తలుపులన్నీ ఒక్కసారిగా సర్వర్ వైపు తెరవడం, ఎంతమాత్రం తగదు. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ కావడానికి వాడే 22వ పోర్ట్‌ను బయటికి తెరిచేముందే పాస్‌వర్డ్‌తో లాగిన్ కావడాన్ని ఆపి, తాళంచెవి వంటి కీ ఫైలుతో మాత్రమే రానివ్వాలి. ముక్కూమొహం తెలియనివారు ఆ తలుపును రాత్రింబవళ్ళు తడుతూనే ఉంటారు, లాగ్ తెరిస్తే ఆ సంగతి కనిపిస్తుంది.

ఇంత చేసినా చిక్కు వీడకపోతే, వాన్ ఐపీలోని మొదటి రెండు సంఖ్యలనూ, టీసీపీడంప్‌లోని పది వరుసలనూ ఉన్నవి ఉన్నట్టుగా పంపితే, బాబాయి ఏ వేళనైనా చూసి చెప్పగలడు.