మురుగునీటికి సూర్యరశ్మి చికిత్స

ఓరుగల్లు పతనానంతరం ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి రాజ్యం స్థాపించినాడని బస్తరు రాజవంశ సంప్రదాయం చెబుతున్నది. ఆ వంశీయుడైన దళపతిదేవుని పేర వెలసినదే జగదల్‌పూరులోని దల్‌పత్ సాగర్. పాకాల, రామప్ప చెరువులను ఎరిగిన తెలుగువారికి ఈ చెరువు పరాయిది కాదు. పట్టణపు మురుగు చేరి, గుర్రపుడెక్క అల్లుకొని, ఇది ఏళ్ల తరబడి రోగగ్రస్తమైనది.

ఈ బాధ ఒక్క పట్టణానిదే కాదు. ఒడిశాలోని కలహండి ప్రాంతంలో పుట్టిన ఇంద్రావతి జగదల్‌పూరును ఒరుసుకొని, చిత్రకూట జలపాతంగా దూకి, చివరకు గోదావరిలో కలుస్తున్నది. అక్కడినుండి ఆ నీరు భద్రాచలం మీదుగా ప్రవహించవలసినదే. ఎగువన ఉన్నవారు వదలిన నీటినే దిగువన ఉన్నవారు తోడుకొంటారు.

చెరువు ఎందుకు చెడుతుంది?

మురుగులోని సేంద్రియ పదార్థాలను బాక్టీరియా తింటుంది. ఆ పనిలో నీటిలో కరిగియున్న ప్రాణవాయువును వాడుకొంటుంది. అది తరిగినపుడు చేపలు చనిపోతాయి. మిగిలిన నత్రజని, భాస్వరం నాచుకు ఎరువవుతాయి. పెరిగిన నాచు చచ్చి కుళ్లినపుడు ప్రాణవాయువు మరల క్షీణిస్తుంది.

1914లో ఇంగ్లండులోని మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ అనే శాస్త్రజ్ఞులు బాక్టీరియాతో నిండిన మడ్డిని మురుగులో కలిపి, గాలిని ఊది శుద్ధిచేసే పద్ధతిని ప్రకటించారు. నేటికీ పెద్ద నగరాలలో వాడుకలో ఉన్న పద్ధతి ఇదే. అయితే ఇటువంటి శుద్ధికేంద్రం వాడే విద్యుత్తులో ఇంచుమించు సగం ఆ గాలి కొరకే ఖర్చవుతుంది. చిన్న పట్టణాలకు ఇది మోయరాని భారం.

ఇద్దరు పనివారు

గాలిని యంత్రం ఇవ్వనక్కరలేదు, నాచే ఇవ్వగలదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆస్వాల్డ్, గోటాస్ 1950లలో జరిపిన పరిశోధనలు ఈ సంగతిని స్పష్టపరచినవి. క్లోరెల్లా, సెనెడెస్మస్ వంటి సూక్ష్మ శైవలాలు సూర్యరశ్మిలో ప్రాణవాయువును విడుస్తాయి. బాక్టీరియా దానిని గ్రహించి మాలిన్యాన్ని విచ్ఛిన్నం చేసి, బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. అది తిరిగి శైవలాలకు ఆహారం. నత్రజని, భాస్వరాలను కూడ అవి తమలో ఇముడ్చుకొంటాయి.

ఇక్కడ ఒక చిక్కున్నది. ఒంటరి శైవలకణాలు అతి సూక్ష్మమైనవి గనుక సులభంగా అడుగుకు చేరవు. నీటితోపాటు బయటకు పోయినచో శ్రమ వృథా. వానిని బాక్టీరియా మడ్డితో కలిపి పెంచినపుడు రెండూ జిగురుతో అల్లుకొని గుచ్ఛాలై, బరువెక్కి, అడుగుకు దిగుతాయి. పేరుకొన్న ముద్దలో కొంత తిరిగి తొట్టిలో వేసి, మిగిలినది తీసివేయాలి. దానినుండి ఇంధనవాయువును తయారుచేయవచ్చు. చెరువులో కుళ్లవలసిన నాచును చెరువు చేరకముందే పెంచి తొలగించుటే ఇందలి కీలకం.

బస్తరులో సాధ్యమా?

ఈ తొట్లు లోతు తక్కువగా ఉండాలి. కాబట్టి స్థలం ఎక్కువ కావాలి. బస్తరులో ఎండకు కొదువ లేదు గాని, దట్టమైన వర్షాకాలం కూడ ఉన్నది. మబ్బు రోజులలో శైవలాలు ప్రాణవాయువును తక్కువగా ఇస్తాయి; రాత్రివేళలలో ఇవ్వవు సరికదా, తామే వాడుకొంటాయి. అపుడు కొంత గాలిని యంత్రంతోనే అందించాలి. బైలడీలా ఇనుప గనుల ఎర్రమట్టికి ఇది మందు కాదు. ఇండ్లనుండి వచ్చే మురుగుకు మాత్రమే ఇది తగినది.

దీనికి మన దేశంలోనే దగ్గరి బంధువున్నది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన తూర్పు కలకత్తా చిత్తడి నేలలలో మత్స్యకారులు నగరపు మురుగును లోతులేని చెరువులలో నిలిపి, ఎండ, నాచు, బాక్టీరియాల సాయంతో శుభ్రపరచి చేపలు పెంచుతున్నారు. పుస్తకాలకంటె ముందే అనుభవం నేర్పిన విద్య అది.

చెరువు తవ్వించుట పూర్వుల ధర్మం. దానిలోనికి ఏ నీటిని వదలుతున్నామో చూచుకొనుట మన ధర్మం.